బ్రిటను వసంతమున పెరటి కూరగాయల సాగు

మన రైతు వానకొఱకు ఆకాశమువైపు చూచును. బ్రిటను దేశమున పెరటితోట వేయు గృహస్థుడు వెచ్చదనము కొఱకు నేలవైపు చూచును. అచ్చట వానకు కొఱత తక్కువ. నెలనెలయు ఎంతో కొంత కురియుచునే యుండును. కొఱత యెల్లను వెచ్చదనమునకే. భూగోళ పాఠమున ఆ దేశమును పటములో చూపునప్పుడు విద్యార్థులు తఱచుగా నొక ప్రశ్న వేయుదురు: అంత ఉత్తరమున నున్న భూమిలో కూరలెట్లు పండును? ఆ ప్రశ్నకు సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బ్రిటను దీవి ఉత్తర అక్షాంశము సుమారు 50 డిగ్రీలు మొదలు 58½ డిగ్రీల వఱకు వ్యాపించి యున్నది. లండను నగరము 51½ డిగ్రీల యొద్దను, మన విజయవాడ 16½ డిగ్రీల యొద్దను గలవు. అదే అక్షాంశమున అట్లాంటికు సముద్రమునకు ఆవలి యొడ్డున నున్న లాబ్రడారు ప్రాంతము శీతకాలమెల్ల గడ్డకట్టి యుండగా, బ్రిటను మాత్రము పచ్చగా నుండును. నైరృతి దిక్కునుండి వీచు గాలులును, వెచ్చని సముద్ర ప్రవాహమును దీనికి కారణములు. అయినను వెలుగు విషయమున ఆ దేశమునకు మినహాయింపు లేదు. లండనులో డిసెంబరు మాసాంతమున పగలు 8 గంటలకు కొంచెము తక్కువ. జూను మాసాంతమున 16½ గంటలకు పైబడియుండును. మార్చి మాసమున పగలు దినమునకు సుమారు 4 నిమిషముల చొప్పున పెరుగుచుండును. మన ప్రాంతమున పగటి పెంపును ఎవరును అంతగా గమనింపరు. అచ్చట వారమునకొకసారి చూచినను అది కన్నులకు కట్టినట్లుండును.

ఇందే యొక చిక్కు గలదు. వెలుగు ముందుగా వచ్చును. వెచ్చదనము చాల వెనుక వచ్చును. నేలయు సముద్రమును మెల్లగా వేడెక్కునవి. మార్చి 21వ తేదీకి పగలు 12 గంటలగును, ఎండ కాయును, పక్షులు కూయును. గృహస్థునకు ఉత్సాహము పొంగి విత్తనముల పొట్లములు తెఱచును. నేల మాత్రము ఇంకను చల్లగా తడిసి, ముద్దగా నుండును. అట్టి మట్టిలో పడిన గింజ మొలవదు; కుళ్లిపోవును. వసంతమున అచ్చట పోవు విత్తనములలో అధికభాగము ఈ తొందరవలననే పోవునని మా అభిప్రాయము.

బ్రిటను వాతావరణము చంచలమని లోకప్రసిద్ధి. ఆ దీవి నాలుగు దిక్కుల గాలులకును కూడలి. ఉత్తర ధ్రువమునుండి వచ్చు గాలి మంచును తెచ్చును. తూర్పున యూరపు ఖండమునుండి వచ్చునది శీతకాలమున ఎముకలు కొఱుకును, వేసవిలో వేడిమి తెచ్చును. నైరృతి గాలి వెచ్చదనమును తేమను తెచ్చును. దక్షిణపు గాలి ఒక్కొక్కప్పుడు ఆఫ్రికా ఎడారి ధూళిని సైతము మోసికొని వచ్చును. వీనిలో ఏది ఎన్నడు పైచేయి యగునో ఆ దినముననుబట్టి యుండును. 1975వ సంవత్సరము జూను 2వ తేదీన బక్‌స్టన్ అను ఊర క్రికెటు ఆట జరుగవలసిన మైదానముపై హిమము కురిసి ఆట నిలిచిపోయెను. 2021 ఏప్రిలు మాసమున గడ్డమంచు పడిన రాత్రులు అంతకు ముందు 60 ఏండ్లలో ఏ ఏప్రిలునందును లేనన్ని వచ్చెను. ఆ వెంటనే మే మాసము వానలతో మునిగెను. 2025 వసంతమో, ఆ దేశమున లెక్కలు వ్రాసినది మొదలు అన్నిటికంటె వెచ్చనిదియు ఎండగలదియు నయ్యెను. ఇట్టి దేశమున పంచాంగము చూచి విత్తనము వేయువాడు ఒక ఏడు గెలిచి మఱు ఏడు ఓడును.

గడ్డమంచు అంటిమి గదా, ఆ మాటను కొంచెము వివరింపవలెను. మన భాషలో ఉదయమున గడ్డిపై నిలుచు బిందువులకును, పొగవలె క్రమ్ముదానికిని, హిమాలయములపై తెల్లని రాశికిని మంచు అనుమాటయే వాడుదుము. తోటవానికి భయము కలిగించునది వీనిలో నేదియు కాదు. ఆకాశమున మబ్బులేని రాత్రి, గాలి కదలనప్పుడు, పగలు నేల దాచుకొన్న కొద్దిపాటి వేడిమి పైకి పోవును. మబ్బున్నచో అది కంబళివలె కప్పి కాపాడును; లేనిచో నేలను అంటియున్న గాలి సున్న డిగ్రీలకు దిగిపోవును. అప్పుడు లేత ఆకుల కణముల నడుమ నీరు గడ్డకట్టి, కణములలోని నీటిని బయటకు లాగివేయును. ఎండ పొడిచిన పిమ్మట ఆ ఆకు ఉడికిన కూరవలె మెత్తబడి నల్లనగును. చల్లని గాలి బరువైనది గావున నీటివలె పల్లమునకు పాఱును. పెరటిలో పల్లపు మూలను టొమాటో మొక్క పెట్టినవానికంటె మెరకన పెట్టినవాడు అదృష్టవంతుడు. పగలు ఎంత సుందరముగా ఎండ కాసినదో, ఆ రాత్రి అంత భయము. మన విద్యార్థులకు ఇది విపరీతముగా తోచును గాని విషయమట్టిదే.

ఈ కడపటి గడ్డమంచు దక్షిణ సముద్రతీరమున ఏప్రిలు చివరకును, దక్షిణ ఇంగ్లండు లోపలి భాగములలో మే నడిమికిని, ఉత్తరమునను స్కాట్లండునను మే చివఱకును జూను మొదటికిని పోవును. అవియు సగటు లెక్కలే. కావున తెలివిగల తోటవాడు కూరగాయలను రెండు తెగలుగా విభజించుకొనును: చలికి ఓర్చునవి, ఓర్వలేనివి. సీమచిక్కుడు, బఠాణీ, ఉల్లి, క్యాబేజీ, ముల్లంగి, పాలకూర, లెట్యూసు మొదటి తెగ. టొమాటో, గుమ్మడిజాతి, బీన్సు, మొక్కజొన్న రెండవ తెగ. ఈ రెండవ తెగలోనివన్నియు అమెరికా ఖండపు వెచ్చని భూములనుండి వచ్చినవేయని చరిత్ర పాఠము చదివినవారు గుర్తింతురు. సీమచిక్కుడు గింజ నేలలో 5 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి యున్నను మెల్లగా మొలచును. కారట్టునకు సుమారు 7 డిగ్రీలు, బీన్సునకు 12 డిగ్రీలు కావలెను. టొమాటో గింజ 18 డిగ్రీలు లేనిదే చురుకుగా కన్ను తెఱవదు.

నేల వెచ్చబడినదని తెలియుటెట్లు? ధర్మామీటరును రెండు మూడంగుళముల లోతున గ్రుచ్చి ఉదయమున చూచుట నిక్కమైన పద్ధతి. ధర్మామీటరు లేనివారు కలుపు మొక్కలను చూతురు. తవ్వి చదునుచేసిన మడిలో కలుపు మొలకలు తమంతట తామే పచ్చగా లేచినచో, కూరగాయ గింజకును కాలము వచ్చినట్లే. పూర్వులు బంగాళాదుంపలను శుభ శుక్రవారమున నాటవలెనని ఆచారముగా పెట్టుకొనిరి. పండుగ దినము సెలవు గనుక కూలివానికి తన పెరటిలో పనిచేసికొనుటకు తీరికయుండెడిది. ఆచారమునకు అదియే యసలు కారణమై యుండవచ్చును. కాని శుభ శుక్రవారము ఒక ఏడు మార్చి 20వ తేదీకిని మఱొక ఏడు ఏప్రిలు 23వ తేదీకిని పడగలదు. ఈ నడిమి అయిదు వారములలో నేల వేడిమికి ఎంత భేదముండునో చెప్పనక్కఱలేదు. పండుగను భక్తితో జరుపుకొనుట వేఱు, దానినిబట్టి దుంప నాటుట వేఱు.

చలికి ఓర్వని మొక్కలను బయట వెచ్చబడువఱకు ఇంటిలోపలనే పెంచుదురు. మార్చిలో కిటికీ గట్టుమీద చిన్న తొట్లలో టొమాటో గింజలు వేయుదురు. కిటికీ వెలుగు ఒక ప్రక్కనుండియే వచ్చును గనుక నారు వెలుగువైపు వంగి, సన్నగా పొడవుగా సాగిపోవును. తొట్టిని దినమున కొకసారి త్రిప్పుచుండవలెను. వెనుక తెల్లని అట్టముక్క నిలిపినచో వెలుగు తిరిగి పడును. ఇంతకంటె కష్టమైన ఘట్టము తరువాత నున్నది. లోపల పెరిగిన నారును ఒక్కసారిగా బయట నాటరాదు. దాని ఆకులు పలుచనివి. గాలికిని ఎండకును అలవాటు లేనివి. మొదటి దినము గాలి తగులని చోట రెండు గంటలు బయట నుంచి లోపలికి తేవలెను. మఱునాడు నాలుగు గంటలు. ఇట్లు పది పదునాలుగు దినములు అలవాటు చేసి, తుదకు రాత్రియు బయట విడువవలెను.

ఈ సందర్భమున మాకు వచ్చిన యుత్తరమొకటి చెప్పుట యుచితము. మా పాఠశాలలో చదివిన బాలిక యొకతె వివాహమైన పిమ్మట ఉత్తర ఇంగ్లండునకు వెళ్లి యున్నది. గోంగూరకొఱకు ఆ కుటుంబము పడు ఆరాటము ఆ యుత్తరమున కనబడెను. అక్కడి అంగడిలో చిన్నకట్ట ధర చూచి వెనుదిరుగుట అలవాటైనదట. ఏప్రిలు మొదట గదిలో గింజలు వేసి, నలువది మొక్కలు జానెడెత్తు పెంచి, మే 6వ తేదీన ఎండ బాగుగా నున్నదని పెరటిలో నాటిరి. మూడవనాటి ఉదయమునకు ఒక్కటియు మిగులలేదు. “మాస్టారూ, నీళ్లు తక్కువైనవా, ఎరువు ఎక్కువైనదా?” అని ఆమె యడిగినది. నీటి దోషముగాని ఎరువు దోషముగాని లేదు. మబ్బులేని రాత్రియే దోషమని మేము వ్రాసితిమి. ఆ చలి యింకను పోలేదని ప్రక్కయింటి ముదుసలి యామె ముందుగా చెప్పియున్నను, భాష తడబాటుచేత వీరికి సరిగా తెలియలేదట. తోటపని చేయువాడు ఊరి ముదుసలులతో మాటలాడుట మానరాదు.

గోంగూరను గుఱించి ఆమెకు వ్రాసినదే ఇచ్చటను వ్రాయుదుము. గింజలను ఏప్రిలు చివరనో మే మొదటనో లోపల వేయవలెను. జూను మొదటి వారము దాటినపిదప దక్షిణమునకు తిరిగిన గోడ ప్రక్కను గాని గాజు ఇంటిలోగాని నాటవలెను. గోంగూర పగళ్లు కుఱుచయైనప్పుడు పూయు జాతి. అచ్చటి వేసవి పగళ్లు దీర్ఘములు గనుక పూతకు పోక ఆకు వేయుచుండును. మనకు కావలసినదియు ఆకే గదా! మెంతులు, ధనియాలు చలికి ఓర్చును. ఏప్రిలు మాసముననే బయట చల్లవచ్చును. మన దేశమున ఇవి శీతకాలపు పంటలేయని మఱువరాదు. కాని కొత్తిమీర దీర్ఘమైన పగటికిని వేడిమికిని త్వరగా పూతకు వచ్చును గావున మూడు వారములకొకసారి కొద్దికొద్దిగా చల్లుచుండుట మేలు. బెండను గాజు ఇంటిలో తప్ప మేము సలహా యీయము. ఉల్లి విత్తనము మాత్రము ఇక్కడినుండి కొనిపోవుట వ్యర్థము: మన ఉల్లి 12 గంటల పగటికి గడ్డ కట్టు జాతి, అక్కడి దీర్ఘమైన పగటికి చిన్నతనముననే తొందరపడి గోలికాయంత గడ్డ కట్టి నిలిచిపోవును. అక్కడి జాతులు 14, 16 గంటల పగటికి గాని గడ్డ కట్టవు.

ఇక బంగాళాదుంప. ఆ దేశపు పెరటితోటకు ఇదియే ప్రాణము. ముందస్తు జాతుల విత్తన దుంపలను ఫిబ్రవరిలో కోడిగ్రుడ్ల అట్టపెట్టెలలో కన్నులు పైకి వచ్చునట్లు నిలిపి, చల్లని వెలుగుగల గదిలో నుంచుదురు. ఆరు వారములకు పొట్టియైన గట్టి మొలకలు వచ్చును. చీకటిలో నుంచినచో పాలిపోయిన పొడవైన మొలకలు వచ్చి విఱిగిపోవును. మార్చి చివర నాలుగైదు అంగుళముల లోతున, దుంపకు దుంపకు అడుగు ఎడముగా, సాలునకు సాలునకు రెండడుగుల ఎడముగా నాటుదురు. అరన్ దీవిలో డొనాల్డ్ మెకెల్వీ అనునాతడు పుట్టించిన అరన్ పైలట్ అను జాతి నేటికిని పలువురు పెంచుచున్నారు. ఆకు పైకి వచ్చిన కొలదియు ఇరువైపుల మట్టిని ఎగద్రోయుట ముఖ్యము. దీనివలన రెండు ప్రయోజనములు: వెలుగు సోకి దుంప పచ్చబడి విషమగుట తప్పును, గడ్డమంచు రాత్రి లేత చిగురు మట్టిమాటున దాగియుండును. మంచుచే ఆకు మాడినను నిరాశ పడనక్కఱలేదు, లోపలి దుంప మరల చిగిర్చును. పంట మాత్రము కొన్నివారములు వెనుకబడును.

ఈ పంటకు చలికంటె ఘోరమైన శత్రువు తెగులు. 1845లో ఐర్లండు దేశమున బంగాళాదుంప తెగులు ప్రవేశించెను. పేదలు ఆ యొక్క పంటపైననే బ్రదుకుచుండుటచేత, ఆ తరువాతి కొలది సంవత్సరములలో సుమారు పది లక్షల మంది ఆకలిచేతను రోగములచేతను మరణించిరి. అంతకు మించినవారు దేశము విడిచి పోయిరి. పొలములలో ఇతర ధాన్యము పండుచునేయుండెను, ఓడలలో ఎగుమతియు నగుచుండెను. తెగులు దుంపను చంపెను. మనుష్యులు చచ్చుటకు పాలకుల ఉపేక్షయు కౌలు పద్ధతియు తోడ్పడెను. ఈ తెగులు వెచ్చని తేమలో వ్యాపించును. వరుసగా రెండు దినములు కనిష్ఠ వేడిమి 10 డిగ్రీలకు తగ్గక, ఆ రెండు దినములలోను ఆరేసి గంటలకు తక్కువగాక గాలిలో తేమ నూటికి 90 పాళ్లున్నచో తెగులు రాదగునని స్కాట్లండులోని జేమ్స్ హటన్ సంస్థవారు నిర్ణయించిన గుర్తును 2017 మొదలు అక్కడి రైతులు అనుసరించుచున్నారు. ముందస్తు జాతులు ఆ తెగులు ముదరకముందే, జూను జూలైలలో త్రవ్వబడును. పెరటివారికి అవి ప్రియమగుటకు ఇదియు నొక కారణము.

సీమచిక్కుడు, బఠాణీలను గుఱించి చెప్పవలసినది కొంచెమే. రెండంగుళముల లోతున వేయుట, ఎలుకలనుండియు పావురములనుండియు కాపాడుట, ప్రాకుటకు పుల్లలు నిలుపుట. ఇంతకంటె వానికి సేవ అక్కఱలేదు. కారట్టు విషయమున నొక యీగతో పేచీ గలదు. కారట్టు ఆకు నలిగిన వాసనకు అది వచ్చి వేరు మొదట గ్రుడ్లు పెట్టును. అది నేలకు దగ్గఱగా ఎగురునది గనుక మడి చుట్టును రెండడుగుల యెత్తున సన్ననివల కట్టుదురు.

నత్తలమాట చెప్పక తప్పదు. గుల్లలేని నత్తలు, తడిసిన వసంత రాత్రులలో బయలుదేరి, తెల్లవాఱునప్పటికి ఒక మడి లెట్యూసు నారును కొఱికి మొదళ్లు మాత్రము మిగుల్చును. పూర్వము మెటాల్డిహైడు అను విషపు గుళికలు చల్లెడివారు. అవి పక్షులకును ముళ్లపందులకును హాని చేయుచున్నవని 2022 ఏప్రిలు మొదలు బ్రిటనులో బయట వాడుట నిషేధించిరి. ఆ సంవత్సరముననే రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారు నత్తలను ఇకమీదట చీడలని పిలువమని ప్రకటించిరి. అనేక జాతులు కుళ్లిన ఆకును తిని నేలకు మేలే చేయునవి. తోటవారిలో కొందఱు దీనికి నవ్విరి. రాత్రి దీపము పట్టుకొని వెదకి ఏఱివేయుట, నారును చిన్నదిగా నుండగా బయట పెట్టక బలిసిన పిదప నాటుట, సాయంకాలము గాక ఉదయమున నీరు పోయుట, ఇవి నేడు వాడుకలోనున్న ఉపాయములు.

ఇంతపని చేసినను ఏప్రిలు, మే మాసములలో తోట వట్టిగానే యుండును. శీతకాలపు క్యాబేజీలు పూతకు వచ్చి ముగిసిపోవును, క్రొత్తవి ఇంకను అంగుళమెత్తైనను లేవవు. ఈ కాలమును అక్కడివారు ఆకలి సందు అనుదురు. చెట్లన్నియు పూచి, కొండలు పచ్చబడి, కవులు పాడు కాలమున పేదవాని వంటయింట కూరయుండదనుట మాకు మిక్కిలి వింతగా తోచినది. ఈ సందును కొంత పూరించుటకు ఊదారంగు మొగ్గల బ్రాకలీని ముందటి ఏటి వేసవిలోనే వేయుదురు. పుల్లని కాడలుగల రుబార్బును పండించుదురు. యార్కుషైరులో వేక్‌ఫీల్డు పరిసరములందు చీకటి కొట్టములలో రుబార్బును పెంచి, వెలుగు సోకి కాడ చేవదేఱకుండ క్రొవ్వొత్తి వెలుగున కోయు వాడుక నేటికిని గలదు.

పెరటి సాగు వేడుకమాత్రము గాదని ఆ దేశము రెండవ ప్రపంచ యుద్ధమున తెలిసికొనెను. అంతకు ముందు తిండిలో సగమునకు పైగా ఓడలమీద దిగుమతి యగుచుండెను; జర్మను జలాంతర్గాములు ఓడలను ముంచసాగెను. 1939లో విజయమునకై త్రవ్వుడను ప్రచారము మొదలయ్యెను. లండను కోట చుట్టునున్న కందకమున కూరగాయలు పండించిరి. ఉద్యానవనముల పచ్చిక బయళ్లను దున్నిరి. సి. హెచ్. మిడిల్టన్ అను తోటమాలి రేడియోలో ప్రతివారమును చెప్పు పాఠములను లక్షలమంది వినిరి. అలాట్‌మెంట్లు అనబడు కౌలు మళ్లు సుమారు 8 లక్షలనుండి 14 లక్షల వఱకు పెరిగెను. పెరడు లేనివారికి ఊరి స్థానిక సంఘము స్వల్పపు కౌలునకు ఇచ్చు భూమియే అలాట్‌మెంటు; కోరినవారికి అట్టి భూమి చూపవలసిన బాధ్యతను 1908 నాటి చట్టము సంఘములపై నుంచెను. ఒక్కొక్క మడి వాడుకగా 300 చదరపు గజములు, అనగా మన లెక్కకు 6 సెంట్లకు పైచిల్లర. నేడును ఎన్నోయూళ్లలో దానికొఱకు పేరు వ్రాయించుకొని ఏండ్ల తరబడి వేచియుందురు.

ఉన్నత తరగతుల విద్యార్థులు ఈ పాఠమును చేతులతో నేర్చుకొనవచ్చును. రాబోవు డిసెంబరు మాసమున బడితోటలో మూడు చోట్ల, అనగా ఎండపడు మెరకను, చెట్టునీడను, పల్లపు మూలను, మూడంగుళముల లోతున ధర్మామీటరు గ్రుచ్చి, ఉదయము 7 గంటలకును మధ్యాహ్నము 2 గంటలకును అంకెలు వ్రాసికొనుడు. ఆకాశమున మబ్బున్నదో లేదో ప్రక్కనే గుర్తింపుడు. మబ్బులేని రాత్రికి తరువాతి ఉదయపు అంకెను, మబ్బు పట్టిన రాత్రికి తరువాతి అంకెను వేర్వేఱు వరుసలలో వేసి, నెల చివర పటము గీసి తరగతికి తెండు. పటమున నిలువు గీతపై డిగ్రీలను సున్ననుండి మొదలుపెట్టుడు. అప్పుడే మన నేల చలికిని ఆ నేల చలికిని నడుమనున్న దూరము కంటికి కనబడును.